కాకతీయుల కాలంలో ఎవరు పైన, ఎవరు కింద? తరచుగా అడిగే ప్రశ్నలు

ఓరుగల్లు కోట, వేయిస్తంభాల గుడి, రామప్ప చూసొచ్చినవాళ్లకు శిల్పాలు గుర్తుంటాయి. కానీ ఆ గుళ్లు కట్టించిన సమాజం ఎలా ఉండేది, అందులో ఎవరి మాట చెల్లేది, ఎవరు నోరెత్తే వీల్లేదు అన్న ప్రశ్నలకు సూటిగా జవాబు చెప్పేవాళ్లు తక్కువ. ఇక్కడి జవాబులకు ప్రధాన ఆధారం శాసనాలు. కావ్యాల నుంచో, జనం చెప్పుకునే కథల నుంచో తీసుకున్న చోట ఆ సంగతి చెప్పాను. ముందుగా ఒక హెచ్చరిక. రాతి మీద పేరు చెక్కించుకోవాలంటే దానం చేసే స్తోమత ఉండాలి. అందుకని శాసనాల్లో మనకు కనిపించేది ఇవ్వగలిగినవాళ్ల లోకం. ఆ రాయి మోసినవాళ్లు, ఆ పొలం దున్నినవాళ్లు అందులో పేరు లేకుండా ఉన్నారు. ప్రతి జవాబునూ ఇది మనసులో పెట్టుకుని చదవండి.

ఇది ఏ కాలం గురించి?

కాకతీయులు చాలాకాలం కల్యాణి చాళుక్యులకు సామంతులు. వాళ్ల రాజధాని మొదట అనుమకొండ, తర్వాత ఓరుగల్లు. రుద్రదేవుడు స్వతంత్ర రాజుగా మాట్లాడిన అనుమకొండ శాసనం 1163 నాటిది. 1323లో ఢిల్లీ సుల్తానుల సైన్యం ఓరుగల్లును పట్టుకోవడంతో ఆ రాజ్యం ముగిసింది. ఈ 160 ఏళ్లే ఇక్కడి విషయం. గణపతిదేవుడు (1199-1262), రుద్రమదేవి (1262-1289), ప్రతాపరుద్రుడు (1289-1323) ఏలిన కాలానికే శాసనాలు ఎక్కువ, కాబట్టి వివరాలూ అప్పటివే ఎక్కువ.

ఐరోపా చరిత్రలో చదివిన ఫ్యూడల్ వ్యవస్థ, ఇదీ ఒకటేనా?

కొంతవరకే. పైవాడు భూమి మీద హక్కు ఇస్తాడు, కిందివాడు యుద్ధానికి మనుషుల్ని తెస్తాడు. ఈ ఇచ్చిపుచ్చుకోవడం రెండు చోట్లా ఉంది. మతం దగ్గరికి వచ్చేసరికి మాత్రం తేడా బాగా కనిపిస్తుంది. పడమటి ఐరోపాలో పోప్ కింద బిషప్పులు, వాళ్ల కింద ఊరి ఫాదర్లు, ఇలా ఒకే చర్చి, ఒకే వరుస. చర్చి నియమం ప్రకారం వాళ్లకు పెళ్లి లేదు కాబట్టి పదవి కొడుక్కి రాకూడదు. ఇక్కడ అలాంటి ఒకే సంస్థ లేదు. గుడులు, మఠాలు, అగ్రహారాలు ఎవరి దారి వారివి. అర్చకత్వం మాత్రం తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది. భూదానాలు పెరిగి రాజు చేతిలోని అధికారం ముక్కలైందని కొందరు చరిత్రకారులు, కాదు అవే దానాలు రాజ్యాన్ని పల్లెల దాకా తీసుకెళ్లాయని మరికొందరు 1960ల నుంచి వాదిస్తున్నారు. కాకతీయుల విషయంలో నాకు రెండో వాదనలోనే బలం ఎక్కువ కనిపిస్తుంది. చెరువు, గుడి, కొత్త ఊరు కలిసి లేచిన చోట్ల రాజ్యం బలపడింది.

రాజు కింద ఎవరెవరు ఉండేవారు?

పై వరుసలో సామంత వంశాలు. ధరణికోట దగ్గర కోట వంశం, కృష్ణా తీరంలో నతవాడి వంశం, తెలంగాణ ప్రాంతంలో రేచర్ల, మల్యాల, గోన వంశాలు. వీళ్లకు సొంత ఊళ్లు, సొంత బలగం, సొంత శాసనాలు. రాజు పేరు ముందు చెప్పి తమ వంశ ప్రశస్తి తర్వాత చెప్పుకునేవారు. వీళ్ల బలం ఎంతటిదో రేచర్ల రుద్రుణ్ణి చూస్తే తెలుస్తుంది. 1199 ప్రాంతంలో గణపతిదేవుడి తండ్రి మహాదేవుడు దేవగిరి యాదవులతో యుద్ధంలో చనిపోయి, గణపతిదేవుడు వాళ్లకు బందీగా చిక్కినప్పుడు రాజ్యం చెదిరిపోకుండా నిలబెట్టింది ఈయనే. 1213లో పాలంపేటలో రుద్రేశ్వరాలయం, అంటే ఇప్పుడు మనం రామప్ప అంటున్న గుడి కట్టించిందీ ఈయనే. 2021లో యునెస్కో గుర్తింపు పొందిన ఆ గుడి ఒక సేనాని కట్టించినది, రాజు కట్టించినది కాదు.

రెండో వరుసలో రాజు కొలువులో పైకొచ్చినవాళ్లు. వీళ్లకు వెనక పెద్ద వంశం ఉండనక్కర్లేదు. గంగయ సాహిణి గణపతిదేవుడి దగ్గర అశ్వసేనాపతిగా చేరాడు. ఆయన కాయస్థ కుటుంబం కొద్దికాలంలోనే పానుగల్లు నుంచి కడప వైపు దాకా ఏలింది. (ఉత్తరాదిలో లేఖకులైన కాయస్థులకూ వీళ్లకూ ముడిపెట్టకండి.) అదే కుటుంబంలోని అంబదేవుడు రుద్రమదేవి మీద తిరగబడ్డాడు. 1290 నాటి త్రిపురాంతక శాసనంలో తన విజయాలను గొప్పగా చెప్పుకున్నాడు.

ఈ దెబ్బల తర్వాతే నాయంకర పద్ధతి గట్టిపడింది. పాత సామంతుల మీద ఆధారపడటం తగ్గించి, రాజు తనకు నమ్మకమైన నాయకులకు ఊళ్లు ఇచ్చి, ఆ ఆదాయంతో సైన్యాన్ని పోషించమన్నాడు. ఓరుగల్లు కోటకు 77 బురుజులు, ఒక్కో బురుజుకు ఒక్కో నాయకుడు అన్నది తర్వాతి కాలపు రచనల్లోని మాట. లెక్క ఎంత నిజమో పక్కన పెడితే, ఆ నాయకులే రాజ్యానికి వెన్నెముక అన్న జ్ఞాపకం మాత్రం నిజమైనది. ఇదే పద్ధతి విజయనగర కాలంలో ఇంకా విస్తరించింది.

లెంకలు అంటే ఎవరు?

ప్రాణం ఇస్తామని ప్రమాణం చేసి ప్రభువును అంటిపెట్టుకుని ఉండే భటులు. జీతం కంటే మాట పెద్దది వాళ్లకు. ప్రభువు పోతే తామూ పోవాలన్నది వాళ్ల నీతి. సామంతులు కూడా 'రాజుకు లెంక' అని గర్వంగా చెప్పుకున్నారు.

కాకతీయులు క్షత్రియులా, శూద్రులా?

అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. సోషల్ మీడియాలో దీని మీద తగాదాలు జరుగుతూనే ఉంటాయి. శాసనాలు చెప్పేది ఇది.

వాళ్ల శాసనాల్లో చాలావాటిలో వర్ణం ప్రస్తావనే లేదు. ప్రస్తావన ఉన్నవాటిలో ఎక్కువ భాగం వాళ్లను నాలుగో వర్ణం వారిగానే, అదీ సంకోచం లేకుండా చెబుతాయి. మల్యాల గుండ సేనాని వేయించిన బూదపురం, వడ్డమాను శాసనాలు అలాంటివే. మూలపురుషుడు దుర్జయుడన్నది వాళ్ల సంప్రదాయం. మరోవైపు మోటుపల్లి శాసనం, మల్కాపురం శాసనం వాళ్లను రాముడి సూర్యవంశంతో కలిపాయి. ఈ రెండు శాసనాలు ఎవరి కోసం రాశారో చూడండి. ఒకటి దూరదేశాల వర్తకులు వచ్చే రేవులో వేసినది. రెండోది శైవాచార్యుడి మఠానికి సంబంధించినది. వినేవాళ్లు మారినప్పుడు వంశకథ కూడా మారింది.

పెళ్లిళ్లు కూడా ఇదే చెబుతాయి. గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ నతవాడి వారింటి కోడలు. కూతురు గణపాంబ కోట వారింటి కోడలు. ఈ రెండు వంశాలూ నాలుగో వర్ణం వారే. రుద్రమదేవి భర్త వీరభద్రుడు మాత్రం నిడదవోలు చాళుక్యుడు, అంటే క్షత్రియత్వం చెప్పుకునే ఇల్లు. ఓడించిన దివిసీమ అయ్య వంశం ఆడపడుచులు నారాంబ, పేరాంబలను గణపతిదేవుడు పెళ్లాడి, వాళ్ల తమ్ముడు జాయపను గజసేనాపతిని చేశాడు. పెళ్లి సంబంధం చూసేటప్పుడు వర్ణం కంటే రాజ్యానికి ఏం కావాలన్నదే ముందుగా చూశారు.

నాలుగో వర్ణం అని చెప్పుకోవడంలో చిన్నతనం లేకపోగా దానికి ఒక ప్రశస్తి కూడా తయారైంది. విష్ణుపాదాల నుంచి పుట్టింది గంగ, అదే పాదాల నుంచి పుట్టింది ఈ వర్ణం, కాబట్టి గంగకు తోబుట్టువులం అన్న భావం తర్వాతి శాసనాల్లో పదేపదే కనిపిస్తుంది. ఈ రోజు ఏ కులం వారైనా కాకతీయులను తమవాళ్లని చెప్పుకోవాలంటే ఈ శాసనాలన్నీ పక్కన పెట్టాలి. అది న్యాయం కాదు.

శాసనాల్లో రెడ్డి, సెట్టి, బోయ అని ఉంటాయి కదా. అవి కులాలే కదా?

ఇప్పటి అర్థం పెట్టి చదివితే పొరబాటు పడతాం. ఆ కాలపు శాసనాల్లో ఇవి ఎక్కువగా హోదానో, చేసే పనినో తెలిపే మాటలు. ఒకే ఇంట్లో తండ్రి పేరు చివర ఒకటి, కొడుకు పేరు చివర ఇంకొకటి ఉన్న శాసనాలున్నాయి. రెడ్డి అంటే ఊరి పెద్ద కావచ్చు. సెట్టి అంటే వ్యాపారి. బోయ అంటే చాలాచోట్ల గుడి పశువుల్ని మేపే కాపరి. నాయకుడు అంటే బలగం ఉన్నవాడు, ఏ ఇంటివాడైనా సరే.

అంటే కులం లేదని కాదు. ఎవరి ఇంట పిల్లనిస్తారు, ఎవరితో కూర్చుని తింటారు అన్న కట్టుబాట్లు శాసనాలకు ఎక్కవు. మధ్య వరుసల్లో కదలిక ఉండేదని మాత్రం గట్టిగా చెప్పొచ్చు. యుద్ధం, కొత్త భూమి సాగు, చెరువు తవ్వకం తెలంగాణ మెట్టనేలల్లో చాలామందిని పైకి తెచ్చాయి. ఆ కదలిక పాలేర్ల దాకా, మాలమాదిగ పల్లెల దాకా చేరిందనడానికి ఆధారం లేదు.

బ్రాహ్మణులంతా పూజలు చేసుకునేవాళ్లేనా?

కాదు. మూడు రకాల జీవితాలు కనిపిస్తాయి. అగ్రహారంలో ఉండి వేదం చెప్పుకునేవాళ్లు ఒకరు. వీళ్ల ఊళ్లకు పన్ను మినహాయింపు ఉండేది, వీళ్ల సభను మహాజనులు అనేవారు. ఆలయాల్లో అర్చన చేసేవాళ్లు ఇంకొకరు. మూడోవాళ్లు నియోగులు, అంటే మంత్రులు, కరణాలు, కొన్నిసార్లు సేనానులు. నెల్లూరు మనుమసిద్ధి దగ్గర మంత్రిగా ఉన్న తిక్కన ఇలాంటి ఇంటివాడే. ఆయన దాయాది ఖడ్గ తిక్కన యుద్ధంలో చనిపోయాడని కథ.

స్మృతుల ప్రకారం బ్రాహ్మణుడి స్థానం అందరికంటే పైన. తిక్కన శిష్యుడు కేతన స్మృతి ధర్మాన్ని తెలుగులోకి తెచ్చాడు కాబట్టి ఆ ఆలోచన పండితుల మధ్యే ఆగిపోలేదు. అయితే ఊరిని ఇచ్చేది రాజు, నిలబెట్టేది నాయకుడు. ఇచ్చేవాడికి పుణ్యం, పేరు. తీసుకునేవాడికి భూమి, గౌరవం. ఒకరు లేకపోతే ఇంకొకరి హోదా నిలబడేది కాదు.

సమాజంలో హోదాకూ గుడికీ ఏం సంబంధం?

చాలా ఉంది. ఆ కాలంలో మనిషి తాను ఎవరో పదిమందికీ చెప్పుకునే చోటు గుడే. గుడికి భూమి ఇచ్చినవాడు రాతి మీద తన తాతముత్తాతల్ని, తన ప్రభువును, తన బిరుదుల్ని చెక్కించాడు. అఖండదీపానికి పశువుల మందనిచ్చిన మనిషి పేరు ఆచంద్రార్కం ఉండాలని రాయించుకున్నాడు. ఆ మందను తీసుకుని, రోజూ కొలిచినట్టు నెయ్యి తెచ్చి పోసే బాధ్యత కాపరులది. ద్రాక్షారామం గోడల మీద, స్తంభాల మీద ఇలాంటి దానాలు ఎన్నో ఉన్నాయి.

1289 నాటి చందుపట్ల శాసనం దీనికి మంచి ఉదాహరణ. పువ్వుల ముమ్మడి అనే భటుడు అక్కడి సోమనాథ దేవుడికి భూమి ఇచ్చాడు. ఎందుకంటే రుద్రమదేవికీ, సేనాని మల్లికార్జున నాయకుడికీ శివలోక ప్రాప్తి కలగాలని. రుద్రమదేవి చనిపోయిన కాలాన్ని మనకు నిర్ధారించి చెప్పేది ఈ శాసనమే. మహారాణి మరణవార్తను చరిత్రకు అందించినవాడు ఆస్థాన కవి కాదు, ఒక సేనాని కింద పనిచేసిన మామూలు బంటు. అతని పేరు మనం గుర్తుపెట్టుకోవాలి.

గుడి చుట్టూ ఒక చిన్న ఊరే బతికేది. అర్చకులు, వంటవాళ్లు, వాద్యకారులు, సానులు (గుడిలో ఆడిపాడే స్త్రీలు), కుమ్మరి, లెక్కలు రాసేవాడు, ఊడ్చేవాళ్లు, ఒక్కొక్కరికి ఒక్కో వృత్తి మాన్యం, అంటే చేసే పనికి ఇచ్చిన భూమి. ఎవరికి ఎంత భూమి అన్నది చూస్తే ఎవరి మెట్టు ఏదో తెలిసిపోతుంది.

రాజగురువులకు నిజంగా అంత అధికారం ఉండేదా? మల్కాపురం శాసనం గురించి ఎందుకు అంతగా చెబుతారు?

ఉండేది. తొలి కాకతీయుల గురువులు శ్రీశైలానికి చెందిన కాలాముఖ శైవులు. గణపతిదేవుడి కాలానికి గోళకీ మఠం ఆచార్యులు ఆ స్థానంలోకి వచ్చారు. ఆ మఠం మూలం నర్మదా తీరంలోని డాహల దేశంలో ఉంది. గణపతిదేవుడికి దీక్ష ఇచ్చిన విశ్వేశ్వర శివాచార్యుడి సొంత ఊరు ఇంకా దూరం, గౌడదేశంలో, అంటే ఇప్పటి బెంగాల్‌లో. ఒక రాజు పరదేశపు ఆచార్యుడికి తనను కొడుకుగా సమర్పించుకున్నాడంటే ఆ హోదా ఎంతటిదో ఊహించుకోండి. త్రిపురాంతకం, పుష్పగిరి, శ్రీశైలం లాంటి చోట్ల ఈ మఠం శాఖలు విస్తరించాయి.

1261 నాటి మల్కాపురం శాసనం ఈ గురువుకు ఇచ్చిన రెండు ఊళ్ల కథ. ఒకటి మందడం, రెండోది వెలగపూడి. అవును, ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఉన్న వెలగపూడే. గణపతిదేవుడు మాటిచ్చిన మందడాన్ని రుద్రమదేవి వెలగపూడితో కలిపి ధారపోసింది. గురువు ఆ ఆదాయాన్ని తన దగ్గర పోగేసుకోలేదు. గుడి, విద్యార్థుల మఠం, అన్నసత్రం, ప్రసూతిశాల, ఆరోగ్యశాల నడిపించాడు. వేదాలకు, తర్కానికి, సాహిత్యానికి, ఆగమానికి అధ్యాపకుల్ని పెట్టాడు. వైద్యుణ్ణి పెట్టాడు. 760 ఏళ్ల కింద ఒక పల్లెలో ప్రసూతిశాల ఉందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

అన్నసత్రంలో బ్రాహ్మణుడి నుంచి చండాలుడి దాకా ఎవరొచ్చినా ఎప్పుడూ అన్నం పెట్టాలని ఆ శాసనం చెబుతుంది. దీన్ని చాలామంది సమానత్వానికి సాక్ష్యంగా చూపిస్తారు. నేను అంత దూరం వెళ్లను. ఆకలికి అందరూ సమానమే అని ఒప్పుకోవడం గొప్ప విషయం. కానీ అన్నం పెట్టడం వేరు, ఒకే పంక్తిలో కూర్చోబెట్టడం వేరు. 'నుంచి, దాకా' అని రాసిన చేతికి పై మెట్టు ఏదో, అట్టడుగు మెట్టు ఏదో స్పష్టంగా తెలుసు.

శైవులు, వైష్ణవులు, జైనుల్లో ఎవరిది పైచేయి?

కాలాన్ని బట్టి మారింది. తొలినాళ్లలో జైనానికి ఆదరణ ఉంది. అనుమకొండ పద్మాక్షి గుట్ట మీద 1117లో రెండో ప్రోలరాజు మంత్రి భార్య మైలమ బసది, అంటే జైన గుడి కట్టించింది. 13వ శతాబ్దానికి జైనం వెనకబడింది. తిక్కన ఓరుగల్లు సభలో జైనుల్ని వాదంలో ఓడించాడని, తర్వాత వాళ్లకు కీడు జరిగిందని చెప్పే కథలు తర్వాతి శైవ రచనల్లోవి. వాటిని యథాతథంగా నమ్మలేం. అవి రాసినవారి మనసులోని పగ మాత్రం కనిపిస్తుంది.

వేయిస్తంభాల గుడిలో శివుడికి, వాసుదేవుడికి, సూర్యుడికి పక్కపక్కనే గర్భగుళ్లున్నాయి. రాజు ఏ ఒక్కరినీ దూరం చేసుకోలేదు. తిక్కన హరిహరనాథుణ్ణి కొలవడం కూడా ఆ కాలపు అవసరంలోంచి వచ్చినదే.

అసలైన సవాలు వీరశైవం నుంచి వచ్చింది. పాల్కురికి సోమనాథుడు సంస్కృత వృత్తాలు వదిలి దేశి ద్విపదలో బసవపురాణం రాశాడు. అందులో నాయకులు చాకలి మాచయ్య, కుమ్మరి గుండయ్య, మాదర చెన్నయ్య, వేటగాడు కన్నప్ప. భక్తుడికి కులం అడగకూడదన్నది ఆయన మాట. పండితుల మెప్పు కోసం కాకుండా పాడుకునేవాళ్ల నోటి కోసం రాయడమే ఒక తిరుగుబాటు. అదే ఉద్యమంలో మల్లికార్జున పండితారాధ్యుడు శివభక్తిని నిలబెడుతూనే వేదాన్ని, బ్రాహ్మణ్యాన్ని వదల్లేదు. ఆరాధ్య సంప్రదాయం ఆ దారిలోనిది. కర్ణాటకలో జరిగినంత తెగతెంపులు తెలుగునాట జరగకపోవడానికి ఇది ఒక కారణమని నా అభిప్రాయం.

వృత్తుల వారికి సంఘాలు ఉండేవా?

ఉండేవి, బలంగానే. వాటిని సమయాలు అనేవారు. అన్ని దేశాల వర్తకులు కలిసిన పెక్కండ్రు, ఊరి వ్యాపారుల నకరము, బెజవాడ కేంద్రంగా తెలికి వేవురు అనే నూనె వర్తకులు, కంసాలి, కమ్మరి, వడ్రంగుల పంచాణం వారు. అష్టాదశ ప్రజలు అన్న మాట ఊరి జనం మొత్తానికి వాడేవారు. సంఘం కలిసి గుడికి దానం చేస్తే దాని పేరు కూడా రాతికెక్కేది.

హోదా అంటే డబ్బొక్కటే కాదని తెలియాలంటే ఇంకొంచెం వెనక్కి, 1086-87 నాటి టేకి తామ్రశాసనం దగ్గరికి వెళ్లాలి. వేంగిని పాలిస్తున్న రాజరాజ చోడగంగు తెలికి వారికి ఇచ్చిన వరం ఏమిటంటే, వాళ్ల పెళ్లిళ్లలో వధూవరులు గుర్రమెక్కి వీధుల్లో వెళ్లొచ్చు. గుర్రమెక్కడానికి రాజు అనుమతి కావాలి, దాన్ని రాగిరేకు మీద రాయించుకోవాలి. పెళ్లి ఊరేగింపుల మీద ఇప్పటికీ దేశంలో గొడవలు జరుగుతున్నాయంటే ఈ మెట్ల వేళ్లు ఎంత లోతున ఉన్నాయో చూడండి.

రైతు మీద ఎంత భారం ఉండేది?

పన్నుల పేర్లు చూస్తేనే ఒక అంచనా వస్తుంది. ఇంటికి ఇల్లరి, మేతకు పుల్లరి, అమ్మకాలకు సుంకం, ప్రభువును చూడబోతే దరిశనం, ఇంకా అప్పనం, కానిక. పైగా వెట్టి. పుల్లరి అన్న పేరు ఎంత కాలం బతికిందంటే, 1921లో పల్నాడులో కన్నెగంటి హనుమంతు బ్రిటిష్ వారి మీద పోరాడింది ఈ పన్ను గురించే.

రైతులకు కలిసొచ్చింది చెరువులు. గణపతిదేవుడి కాలంలో మంత్రి కొడుకు జగదాల ముమ్మడి పాకాల చెరువు కట్టించాడు. రామప్ప చెరువు రేచర్ల రుద్రుడిది. చెరువును కట్టించి చూసుకునేవారికి దాని కింద పదోవంతు హక్కు ఇచ్చే దశబంధం పద్ధతి ఉండేది. నీళ్లొచ్చాక వరి, చెరకు, తోటలు. లాభం మాత్రం నీరు పారిన నేల ఎవరి చేతుల్లో ఉందో వాళ్లకే ఎక్కువ దక్కింది.

అంటరానివారి గురించి శాసనాలు ఏం చెబుతాయి?

దాదాపు ఏమీ చెప్పవు. ఆ మౌనమే ఒక సాక్ష్యం. దాతల్లో వాళ్లు లేరు, సంఘాల్లో వాళ్లు లేరు. అన్నసత్రం ముందు నిలబడ్డవాళ్లుగా మాత్రం ఒకచోట కనిపించారు.

ఈ లోటును కొంత పూడ్చేది పల్నాటి కథ. 12వ శతాబ్దం చివర జరిగిన ఆ దాయాదుల పోరులో మాచర్ల మంత్రి బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టించాడని, అంటే అన్ని కులాల వారినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి తినిపించాడని చెబుతారు. మాల కన్నమదాసు ఆయన సేనాని, కొడుకులాంటివాడు. మనకు దొరుకుతున్న పాత కావ్యం శ్రీనాథుడిది, 15వ శతాబ్దానికి చెందినది, కాబట్టి ప్రతి ఘట్టమూ చరిత్రే అని చెప్పలేం. కానీ కారెంపూడిలో కార్తీకమాసంలో వీరుల ఉత్సవం ఇప్పటికీ జరుగుతోంది, చాపకూడు కూడా అందులో భాగమే. తిండి దగ్గరి అంటును తెంచిన మనిషిని జనం ఎనిమిది వందల ఏళ్లుగా వదులుకోలేదు.

ఆడవాళ్ల స్థానం?

పుట్టిన ఇంటిని బట్టి. రుద్రమదేవి రుద్రదేవ మహారాజు అన్న మగపేరుతో ఏలింది. సింహాసనం ఆడదానికి దక్కినా, ఆ పేరు మగవాడిదిగానే ఉండాల్సి వచ్చింది. మైలాంబ బయ్యారంలో చెరువు తవ్వించి వేయించిన శాసనమే కాకతీయుల వంశక్రమానికి ముఖ్య ఆధారం. గణపాంబ భర్త పోయాక కోట రాజ్యాన్ని నడిపింది. గోన బుద్ధారెడ్డి కూతురు కుప్పాంబ 1276లో బూదపురంలో శాసనం వేయించింది. తొలి తెలుగు కవయిత్రి ఆమేనని చాలామంది పండితుల మాట. గుడిసానులు కూడా సొంత ఆస్తితో దానాలు చేశారు. వరిమళ్లలో నాట్లేసిన ఆడవాళ్ల పేరు ఒక్కటీ లేదు.

సమ్మక్క సారలమ్మల కథ ఈ వ్యవస్థలో ఎక్కడిది?

కప్పం కట్టలేమన్న మేడారం కోయలపై ప్రతాపరుద్రుడి సైన్యం దండెత్తిందని, సమ్మక్క, సారలమ్మ, జంపన్న పోరాడి పోయారని కథ. ఇది నోటి మాటగా వచ్చిన చరిత్ర. అడవిని కొట్టి చెరువులు, ఊళ్లు వేసిన రాజ్యాన్ని అడవి వైపు నుంచి చూస్తే ఎలా ఉంటుందో ఇది చెబుతుంది. రెండేళ్లకోసారి మాఘమాసంలో జరిగే జాతరకు వెళ్లేవాళ్లు కాకతీయ వైభవాన్ని తలుచుకునేటప్పుడు ఈ వైపు కూడా తలుచుకోవాలి.

తెలంగాణ దొరల గడీలు, దేశ్‌ముఖ్‌లు కాకతీయుల నుంచి వచ్చినవేనా?

కాదు. 1323 తర్వాత నాయకులు చెదిరి, ముసునూరి వారు, రెడ్డి రాజులు, రేచర్ల పద్మనాయకులు ఎవరి రాజ్యం వారు పెట్టుకున్నారు. దేశ్‌ముఖ్, దేశ్‌పాండే పదవులు ఆ తర్వాతి సుల్తానుల, నిజాముల రెవెన్యూ వ్యవస్థలోవి. 19వ శతాబ్దంలో నిజాం దివాన్ సాలార్‌జంగ్ సంస్కరణల తర్వాత వాళ్ల చేతుల్లోకి విస్తారంగా భూమి వచ్చింది. 1946-51 సాయుధ పోరాటం ఎదిరించింది ఆ దొరతనాన్ని. వెట్టి మాత్రం అంతకంటే చాలా పాతది. ప్రభువులు మారినప్పుడల్లా అది కొత్త యజమానికి చేరింది.

ఈ శాసనాలు చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి?

హనుమకొండలో వేయిస్తంభాల గుడి, పద్మాక్షి గుట్ట ఒకే పూటలో చూడొచ్చు. పాలంపేటకు వరంగల్ నుంచి ఒక్క రోజులో వెళ్లి రావచ్చు. వెళ్తే చెరువు కట్ట మీదికి కూడా నడవండి. చందుపట్ల నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గర ఉంది. మల్కాపురం గుంటూరు జిల్లా తుళ్లూరు మండలంలో, మందడం పక్కనే. త్రిపురాంతకం గుట్ట మీద కాయస్థుల శాసనాలు, కారెంపూడిలో వీరుల గుడి చూడొచ్చు. పాత లిపి చదవడం రాకపోయినా పర్వాలేదు, జిల్లాలవారీగా అచ్చైన శాసన సంపుటాలు పెద్ద గ్రంథాలయాల్లో దొరుకుతాయి. వెళ్లేముందు ఆ ఊరి శాసనం పాఠం ఒకసారి చదువుకోండి. దాత పేరు దగ్గర ఆగిపోకుండా, చివర్లో ఎవరెవరికి ఎంత భూమి ఇచ్చారో రాసిన వరుసలు కూడా చూడండి. కుమ్మరి, మంగలి, వంటవాళ్లు కనిపించేది అక్కడే.